తలుపు మీద నల్లమచ్చలు: తీసే పద్ధతి, తీసేవాళ్ల జాగ్రత్త

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభల్లో వీసాల గురించి, జీతాల గురించి, ఊరికి పంపే డబ్బుల గురించి చెప్పే పెద్దలు ఉన్నారు. మమ్మల్ని మాత్రం సంఘం వాళ్లు "మీ పని గురించే చెప్పండి, మనోళ్లకు చేతికి అక్కరకొచ్చేది చెప్పండి" అన్నారు. మేమంటే నలుగురం. ఒక సూపర్‌వైజరు, ఇద్దరు కార్పెంటర్లు, ఒక పెయింటరు. నిలబడి మాట్లాడేది ఒక్కరే అయినా మాట నలుగురిదీ. దుబాయ్, షార్జాల్లో విల్లాల మరమ్మతు పనులు చేస్తాం. ప్లంబింగు, ఏసీ, టైల్స్ గురించి మీలో మాకంటే తెలిసినవాళ్లు చాలామంది ఉన్నారు. కాబట్టి తలుపుల గురించి మాట్లాడతాం. నవ్వకండి.

క్లియర్ వార్నిష్ కొట్టిన చెక్క తలుపు, అంటే రంగు వెయ్యకుండా చెక్క అందం కనిపించేటట్టు పాలిష్ పెట్టిన తలుపు. కొత్తలో తేనె రంగులో మెరుస్తది. నాలుగైదు ఎండాకాలాలు గడిచేసరికి కింద జానెడు మేర నల్లబడుతుంది. హ్యాండిల్ చుట్టూ జిడ్డు నలుపు, ఎండ తగిలే వైపు బూడిద రంగు, అక్కడక్కడ పాలు ఒలికినట్టు తెల్ల మసక. విల్లా ఖాళీ చేసేటప్పుడో, ఈద్ పండుగ ముందో ఓనరు ఫోన్ చేస్తాడు. తలుపు కొత్తదాని లెక్క కావాలి, సాయంత్రానికల్లా కావాలి. ఆ ఫోను ఆఫీసుకు పోతుంది, ఆఫీసు నుంచి ఫోర్‌మన్‌కు, ఫోర్‌మన్ నుంచి చివరికి చేతిలో గుడ్డ పట్టుకున్న హెల్పరుకు వస్తుంది. ఆ హెల్పరు చాలాసార్లు మనవాడే. మచ్చ పోకపోతే మాట పడేది అతనే. చెయ్యి కాలితే అతనిదే. కోత పడితే అతని జీతంలోనే. అందుకే ఈ ముచ్చట.

మొదటి మాట. మచ్చ కనిపించగానే రుద్దవద్దు. అది ఎక్కడుందో ముందు చూడాలి. మచ్చ మూడు చోట్ల ఉంటుంది. పాలిష్ మీద ఉండొచ్చు, పాలిష్ పొరలోనే ఉండొచ్చు, పాలిష్ దాటి చెక్కలోకి దిగి ఉండొచ్చు. మూడింటికీ మందు వేరు. పైనున్న జిడ్డుకు ఆసిడ్ పెడితే మంచి పాలిష్ పాడవుతుంది. చెక్కలో దిగిన నలుపును సబ్బుతో రోజంతా రుద్దినా చేతులు నొప్పి తప్ప ఫలితం ఉండదు.

హ్యాండిల్ చుట్టూ ఉండే నలుపు ఎక్కువగా చేతి చెమట, నూనె, దుమ్ము కలిసిన జిడ్డు. గుడ్డ మీద కొంచెం వైట్ స్పిరిట్ పోసి తుడవండి, గుడ్డ గోధుమరంగుకు మారుతుంది. తర్వాత గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి, గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టండి. కొన్ని తలుపులకు ఇంతకంటే ఇంకేమీ అక్కర్లేదు. మేము ఏ తలుపు దగ్గరికి పోయినా ముందు ఇదే చేస్తాం. జిడ్డు పోయాక మిగిలిన మచ్చే అసలు మచ్చ.

తెల్ల మసక అయితే తేమ పాలిష్ పొరలో చిక్కుకుందని అర్థం. చెక్కకు ఏమీ కాలేదు. అయితే ఆ పాలిష్ ఏ రకమో తెలియాలి. తలుపు పై అంచునో, బందుల వెనకో, ఎవరికీ కనపడని చోట ఒక చుక్క మెథిలేటెడ్ స్పిరిట్ పెట్టండి. నిమిషంలో జిగటగా అయితే అది లక్క పాలిష్, మనవాళ్లు స్పిరిట్ పాలిష్ అంటారు. దానికి చలించకుండా థిన్నరుకు మెత్తబడితే లాకర్. రెండింటికీ చలించకపోతే వార్నిషో పీయూనో. లక్క, లాకర్ అయితే గుడ్డను స్పిరిట్‌తో తడిపీ తడపనట్టు చేసి, ఆగకుండా ఒక్కసారి అలా పోనిస్తే మసక తగ్గుతుంది. గుడ్డను ఒకచోట ఆపితే అక్కడే అంటుకుపోతుంది. పీయూ మీద ఈ చిట్కా పని చెయ్యదు, ఆ పొర తీసెయ్యాల్సిందే.

ఇప్పుడు అసలు మొండి మచ్చ. నీలం కలిసిన నలుపు, చెక్కలోకి దిగింది. ఇది రెండు రకాలు, చూడటానికి ఒక్కలాగే ఉంటాయి. ఒకటి బూజు. రెండోది ఇనుము. కనిపెట్టడం తేలిక. పాలిష్ లేచిపోయిన చోట, ఉత్త చెక్క మీద, మచ్చ పైన ఒక చుక్క ఇంట్లో వాడే బ్లీచ్ పెట్టండి. ఇక్కడ చాలామంది క్లోరాక్స్ అంటారు, ఏ కంపెనీదైనా అదే. ఒకటి రెండు నిమిషాల్లో నలుపు వెలిసిపోతే అది బూజు. చెక్కుచెదరకపోతే ఇనుము మచ్చ అనుకోవచ్చు. ఆ చుక్కను తర్వాత మంచినీళ్లతో బాగా కడిగెయ్యండి. ఎందుకు కడగాలో కాసేపట్లో చెప్తాం, అది ప్రాణం సంగతి.

ఇనుము మచ్చ ఎట్లా పడుతుంది? చెక్కలో టానిన్ అనే వగరు పదార్థం ఉంటుంది. పచ్చి అరటికాయ కోసినప్పుడు ఇనుప కత్తి నల్లబడటం అందరూ చూసిందే. టేకులో, ఓక్‌లో, మహాగనిలో ఆ వగరు ఉంది, ఓక్‌లో మరీ ఎక్కువ. దానికి ఇనుము తగిలి, నీళ్లు తోడైతే నలుపు పుడుతుంది. ఇది మనకు కొత్త విద్య కాదు. శ్రీకాళహస్తి కలంకారీవాళ్లు గుడ్డను కరక్కాయ రసంలో ముంచి, తుప్పు ఇనుము బెల్లంతో నానబెట్టిన నీళ్లతో గీత గీస్తే ఆ గీత నల్లగా తేలుతుంది. కరక్కాయలో ఉన్నదీ టానిన్నే. అక్కడ కావాలని వేసిన నలుపు, ఇక్కడ వద్దన్నా పడిన నలుపు. అంత పక్కాగా అంటుకుంటుంది కాబట్టే కలంకారీ ఉతికినా నిలుస్తుంది, తలుపు మచ్చ రుద్దినా పోదు.

మరి ఇనుము ఎక్కడి నుంచి వస్తుంది? ఇనుప మేకులు, చవక స్క్రూలు, కింద కొట్టిన రేకు. ఇంకోటి ఉంది, అది మన చేతి పనే. పాలిష్ గీకేటప్పుడు స్టీల్ ఊల్ వాడతారు. దాని సన్నని తునకలు చెక్క రంధ్రాల్లో మిగులుతాయి. వారం తర్వాత తేమ తగిలితే తలుపు నిండా మిరియాలు చల్లినట్టు నల్లచుక్కలు. అందుకని టేకు మీద, ఓక్ మీద స్టీల్ ఊల్ వద్దు, నైలాన్ పీచు వాడండి.

నీళ్ల సంగతి. బయట 45 డిగ్రీలు, లోపల ఏసీ 20. సముద్రం పక్క ఊళ్లు, వేసవిలో గాలి నిండా తేమ. చల్లబడిన తలుపు మీద ఆ తేమ నీళ్లయి కిందికి జారుతుంది. దానికి తోడు వాకిలి రోజూ పైపుతో కడుగుతారు, తోటకు స్ప్రింక్లర్లు తలుపు దాకా కొడతాయి. ఈ నీళ్లన్నీ చేరేది తలుపు అడుగు అంచుకు. చెక్కను అడ్డంగా కోసిన చోట అది గొట్టాల కట్టలాగా నీళ్లు పీలుస్తుంది. ఆ అంచుకు ఎవరూ పాలిష్ పెట్టరు. కనపడదు కదా అని వదిలేస్తారు. మేము విప్పి చూసిన తలుపుల్లో అడుగు అంచు ఉత్త చెక్కగా ఉన్నవే ఎక్కువ. మచ్చ జానెడు ఎత్తుకే ఎందుకు ఉంటుందో అక్కడే తెలుస్తుంది.

సరే, తీసే పద్ధతి. ఇనుము మచ్చకు మందు ఆక్సాలిక్ ఆసిడ్. తెల్లటి పొడి, రంగుల దుకాణంలో వుడ్ బ్లీచ్ పేరుతో దొరుకుతుంది. ఇది టానిన్ దగ్గర నుంచి ఇనుమును విడదీసి నీళ్లలోకి లాగుతుంది. చెక్క సహజ రంగును పెద్దగా చెరపదు. అదే దీని గొప్ప. దుకాణంలో రెండు సీసాల బ్లీచ్ కూడా ఉంటుంది, కాస్టిక్ సోడా ఒకటి, హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒకటి. అది చెక్క రంగునే పీకేస్తుంది, తలుపు పాలిపోయిన ముఖంలా అవుతుంది. మనకు అది వద్దు.

ముందు తలుపు గట్టి చెక్కదా, పైన పల్చటి వెనీరు అంటించిందా చూడండి. తాళం కోసిన చోట, బందుల గాడిలో, అంచున చూస్తే పొర తెలుస్తుంది. వెనీరు చాలాసార్లు అర మిల్లీమీటరు మాత్రమే ఉంటుంది. దాని మీద మిషను పెడితే రెండు నిమిషాల్లో కింద ప్లైవుడ్ తేలుతుంది, ఆ తలుపును ఇక ఎవరూ బాగు చెయ్యలేరు. వెనీరు అయితే చేత్తోనే, 180 పేపరుకు తగ్గకుండా, పని ఆపి ఆపి చూసుకుంటూ. నీళ్లు కూడా తక్కువ వాడాలి, లేకపోతే జిగురు వదిలి పొర ఉబ్బుతుంది.

తలుపును బందుల నుంచి విప్పి, నీడలో రెండు స్టాండ్ల మీద పడుకోబెట్టండి. నిలబెట్టి చేస్తే మందు కారి చారలు పడతాయి. హ్యాండిల్, తాళం, బందులు అన్నీ తీసెయ్యండి. పాత పాలిష్ మొత్తం పోవాలి, పొర మిగిలిన చోట మందు దిగదు. స్క్రేపరుతో గీకి, 120 పేపరు, తర్వాత 180, ఎప్పుడూ చెక్క గీతల వెంబడే. మన ఊళ్లో ఉప్పు కాగితం అంటామే, అదే. అడ్డంగా రుద్దిన గీత వార్నిష్ పడ్డాక వెయ్యి రెట్లు కనిపిస్తుంది. నలుపు పోవాలని ఆ ఒక్క చోటే లోతుగా రుద్దడం చాలామంది చేసే పని. గుంట పడుతుంది, నలుపు మాత్రం అడుగున ఉంటూనే ఉంటుంది.

పాలిష్ తీసే రసాయనం, స్ట్రిప్పర్ అంటారు, వాడతామంటే డబ్బా మీద చదవండి. మెథిలీన్ క్లోరైడ్ అని ఉంటే మూసిన గదిలో ఎట్టి పరిస్థితిలోనూ తెరవద్దు. ఆ ఆవిరి ఒంట్లోకి పోయి కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. బాత్రూముల్లో టబ్బులకు రంగు తీస్తూ కార్మికులు చనిపోయిన సంగతులు ఉన్నాయి. అమెరికాలో 2019లో ఇంటివాళ్లకు ఆ సరుకు అమ్మడమే నిషేధించారు. నోటికి గుడ్డ కట్టుకుంటే ఆవిరి ఆగదు.

ఇప్పుడు మందు కలపడం. ప్లాస్టిక్ బకెట్ తీసుకోండి, ఇనుప డబ్బా వద్దు. ఒక లీటరు వేడినీళ్లు ముందు పోసి, అందులో 80 నుంచి 100 గ్రాముల పొడి నెమ్మదిగా వేసి ప్లాస్టిక్ పుల్లతో కలపండి. ఆ ఆవిరి పీల్చవద్దు. రబ్బరు గ్లౌజులు, కళ్లద్దాలు, పొడి కలిపేటప్పుడు మాస్కు. నైలాన్ బ్రష్‌తో పూయండి. మచ్చ ఉన్న చోటే కాదు, ఆ పలక అంతా, ఇటు అంచు నుంచి అటు అంచు దాకా పూయాలి. మచ్చ మీదనే పూస్తే ఆ ముక్క తెల్లబడి, నల్లమచ్చ పోయి తెల్లమచ్చ వస్తుంది. మంచి చెక్క మీద మందు మొదలైన పావుగంటకే మార్పు కనిపించొచ్చు. ఇక్కడి వేడికి తొందరగా ఆరిపోతుంది, ఆరకుండా మళ్లీ మళ్లీ తడుపుతూ ఉండాలి. మచ్చ పాతదైతే ఒక్కసారికి పోదు. ఆరనిచ్చి, కడిగి, మళ్లీ పెట్టాలి. రెండుసార్లు, మూడుసార్లు.

ఆరినాక పైన ఉప్పు పేరుకున్నట్టు తెల్లటి పలుకులు వస్తాయి. వాటిని పొడిగా బ్రష్‌తో దులపవద్దు, పేపరుతో రుద్దవద్దు. ఆ దుమ్ము ముక్కులోకి పోతే దగ్గు ఆగదు, లోపల పుండ్లు పడతాయి. నీళ్లతో కడగాలి. ఒకసారి కాదు, మూడు నాలుగుసార్లు, ప్రతిసారీ కొత్త నీళ్లు. ఆఖరికి లీటరు నీళ్లలో రెండు చెంచాల వంటసోడా కలిపి తుడిచి, మళ్లీ మంచినీళ్లు. సరిగా కడగకపోతే పైన వేసే వార్నిష్ పట్టదు, పొక్కులు వస్తాయి. ఆ తర్వాత నీడలో రెండు రోజులు ఆరాలి. నీళ్లకు చెక్క నూగు లేస్తుంది, 220 పేపరుతో తేలిగ్గా ఒక చెయ్యి పోనిస్తే చాలు.

బూజు అని తేలితే మాత్రం ఆక్సాలిక్ అక్కర్లేదు. నీళ్లు కలిపిన బ్లీచ్ పూసి, పది నిమిషాలు ఉంచి, కడిగి ఆరబెట్టండి.

కాసేపట్లో చెప్తామన్న మాట ఇప్పుడు. ఆసిడ్, బ్లీచ్ ఎప్పుడూ ఒకదానితో ఒకటి కలవకూడదు. ఒకే బకెట్లో కాదు, ఒకే తలుపు మీద కడగకుండా ఒకదాని వెనక ఒకటి కూడా కాదు. కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. 1915లో మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీద వదిలింది అదే. "రెండూ కలిపితే పవర్ ఎక్కువ" అని క్యాంపుల్లో ఒక మాట తిరుగుతూ ఉంటుంది. తమ్ముళ్లూ, ఆ మాట నమ్మవద్దు, బాత్రూము కడిగేటప్పుడు కూడా.

ఇంకో సంగతి, దీని మీద మేము కొంచెం గట్టిగానే మాట్లాడతాం. ఆక్సాలిక్ పొడి చూడటానికి చక్కెరలాగా, ఉప్పులాగా ఉంటుంది. నీళ్లలో కలిపితే మంచినీళ్లలాగే ఉంటుంది. మన సైట్లలో మిగిలిన మందును ఖాళీ నీళ్ల సీసాలో పోసి మూలన పెట్టే అలవాటు ఉంది. ఎండలో దాహంతో వచ్చిన మనిషి సీసా మీద పేరు చదవడు. ఇది ఒంట్లో కాల్షియంతో కలిసి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, ఎక్కువ పోతే ప్రాణమే పోతుంది. మా దగ్గర నియమం ఒకటే. మిగిలిన మందు ఆ రోజే పారబోయాలి, నీళ్ల సీసాలో పోసినవాడికి ఆ రోజు పని లేదు. పొడి దాని డబ్బాలోనే, మూత పెట్టి, తాళం వేసిన పెట్టెలో ఉంటుంది. వంటగది దరిదాపుల్లో కాదు, మంచం కింద కాదు. ఒంటి మీద పడితే, కంట్లో పడితే, కుళాయి కింద పావుగంటకు పైగా కడగండి. మింగితే వాంతి చేయించవద్దు. నోరు కడిగించి, 998కి ఫోన్ చేసి అంబులెన్సు పిలవండి, మందు డబ్బా వెంట తీసుకుపోండి. డాక్టరు మొదట అడిగేది ఏం తాగాడనే.

చెక్క ధూళి కూడా తక్కువది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే దాన్ని క్యాన్సర్ తెచ్చేవాటిలో చేర్చింది. పేపరు పట్టేటప్పుడు ఎఫ్‌ఎఫ్‌పీ2 మాస్కు అడగండి. ఇవ్వకపోతే మళ్లీ అడగండి. మాస్కు ఖరీదు పెయింటు డబ్బా మూత ఖరీదు అంత కూడా ఉండదు, ఈ మాట మా ఆఫీసులో కూడా అన్నాం.

ఇక జీతం కోతల సంగతి. రెండేళ్ల కింద ఒక విల్లాలో మేము పక్క పని మీద ఉన్నాం. వేరే కంపెనీ హెల్పరు, మన తెలుగు పిల్లగాడే, పెద్ద టేకు తలుపు ముందు కూర్చుని ఉన్నాడు. వాళ్ల ఫోర్‌మన్ టైల్స్ మీద సిమెంటు తీసే ఆసిడ్ ఇచ్చి రుద్దమన్నాడట. గ్లౌజులు లేవు. తలుపు ఆకుపచ్చ, పసుపు కలిసిన మచ్చలతో పాడైంది. ఆ ఆసిడ్ ఆవిరికి బందులు తుప్పు పట్టి, ఆ తుప్పు కారి, పోగొట్టాల్సిన నలుపు ఇంకా పెరిగింది. వేళ్ల చివర చర్మం లేచిపోయింది. ఓనరు తలుపు డబ్బులు అడిగాడు, కంపెనీ ఆ కుర్రాడి జీతంలో పట్టుకుంటామంది. పాత మచ్చలన్నీ కూడా అతని లెక్కలోనే రాశారు. తలుపు ముందు ఎట్లా ఉండేదో చూపడానికి అతని దగ్గర ఒక్క ఫోటో లేదు. అంతకు ముందే నల్లగా ఉందని మేము వచ్చి చెప్పాం కాబట్టి ఆ కోత సగంలో ఆగింది. ప్రతిసారీ పక్కన ఎవరో ఉండరు కదా.

అప్పటి నుంచి మా బృందంలో ప్రతి ఒక్కరూ, హెల్పరుతో సహా, పని మొదలుపెట్టక ముందు ఫోను తీసి నాలుగు ఫోటోలు తీస్తారు. తలుపు మొత్తం, అడుగు భాగం దగ్గరగా, హ్యాండిల్ దగ్గర, వెనక వైపు. వాటిని అప్పుడే ఫోర్‌మన్‌కు వాట్సాప్‌లో పంపుతారు, తేదీ, టైము దానికదే పడుతుంది. ఏ మందు వాడమన్నారో కూడా అందులోనే రాయించుకుంటారు. "సార్, టైల్ ఆసిడ్ వాడమంటారా?" అని రాసి పంపితే చాలు, అవును అని రాతలో ఇచ్చే ఫోర్‌మన్‌ను మేము ఇంతవరకు చూడలేదు. నోటితో చెప్పేవి రాతలో చెప్పరు. జీతంలో కోతకు ఇక్కడి చట్టంలో హద్దులు ఉన్నాయి, ఎవరి ఇష్టం వచ్చినంత పట్టుకోవడానికి లేదు. కాగితం పని తెలియనివాళ్లు సంఘం వాళ్లను కలవండి, దరఖాస్తు రాసిపెడతారు.

టైము సంగతి కూడా ముందే చెప్పెయ్యాలి. మొండి మచ్చ ఉన్న తలుపు సాయంత్రానికి కాదు. ఆక్సాలిక్ పెట్టి ఆరడానికి మూడు రోజులు, వార్నిష్‌కు ఇంకో మూడు. ఆరు రోజులు అడగండి, కారణం చెప్పండి. ఓనర్లు మనం అనుకున్నంత మొండివాళ్లు కాదు, మధ్యలో ఉన్నవాళ్లకే తొందర ఎక్కువ. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాకా ఆరుబయట ఎండలో పని చేయించకూడదు, ఇది ఈ దేశపు నియమం. తలుపు పనికీ వర్తిస్తుంది. కాలే చెక్క మీద వార్నిష్ పోస్తే బుడగలు వస్తాయి కాబట్టి ఆ టైములో తలుపుకూ విశ్రాంతి కావాలి.

వార్నిష్ వేసే ముందు ఒక చిన్న పరీక్ష. తలుపంతా వైట్ స్పిరిట్‌తో తడపండి. తడిగా ఉన్నప్పుడు కనిపించే రంగే రేపు వార్నిష్ కింద కనిపించేది. ఎక్కడైనా నలుపు మిగిలితే అప్పుడే తెలుస్తుంది, మూడు కోట్లు వేసినాక కాదు. కొంచెం మిగిలితే ఏం చెయ్యాలి? మా అభిప్రాయం, వదిలెయ్యాలి. లేదా తలుపు మొత్తానికి ఒక ఛాయ ముదురు స్టెయిన్ పెట్టి కలిపెయ్యాలి. ఆఖరి మరక కోసం చెక్కను తినెయ్యడం తెలివి కాదు. పెద్ద పెయింటర్లు కొందరు ఇది ఒప్పుకోరు, వాళ్ల చెయ్యి వాళ్లది.

బయటి తలుపుకు ఎండ తట్టుకునే వార్నిష్ కావాలి, డబ్బా మీద యూవీ అని ఉంటుంది. మామూలు క్లియర్ కోటు అద్దం లాంటిది, ఎండ దాని గుండా పోయి కింద చెక్క పై పొరను పొడి చేస్తుంది. అప్పుడు పైన పొర ఉల్లిపొరలా లేచి వస్తుంది. మొదటి కోటు కొంచెం పలచగా, చెక్క పీల్చేటట్టు. తర్వాత మూడు కోట్లు, మధ్యలో 320 పేపరు. ఉదయం మంచు తడి ఆరినాక మొదలుపెట్టి ఎండ ముదరక ముందు ముగించండి. రాత్రి పూట వేస్తే తేమకు తెల్లగా మసకబారుతుంది.

అన్నిటికంటే ముందు అడుగు అంచు. తలుపు విప్పి ఉన్నప్పుడే అడుగు అంచుకు, పై అంచుకు, తాళం కోసిన లోపలి గాడికి మూడేసి కోట్లు తాగించండి. ఇనుప స్క్రూలు పారేసి స్టెయిన్‌లెస్‌వో ఇత్తడివో వేయండి. స్ప్రింక్లరు తల పక్కకు తిప్పమని తోటమాలి అన్నకు చెప్పండి. ఇవి చెయ్యకపోతే వచ్చే వేసవికి అదే మచ్చ, అదే జానెడు ఎత్తుకు వచ్చి కూర్చుంటుంది. మళ్లీ మనల్నే పిలుస్తారు, ఈసారి మనం చేసిందే పాడైందంటారు.

నూనె పాలిష్ వాడేవాళ్లకు ఒక్క మాట. అవిసె నూనె, టీక్ ఆయిల్ తుడిచిన గుడ్డలు ముద్దగా చుట్టి మూలన పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. నిప్పు అక్కర్లేదు. ఈ ఎండలకు ఇంకా తొందర. ఆరుబయట ఒక్కొక్కటి పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లు పోసిన మూత డబ్బాలో వెయ్యండి. క్యాంపు గదికి మాత్రం తీసుకుపోవద్దు.

చివరగా మన ఇళ్ల తలుపులు. ఇక్కడి డబ్బుతో అక్కడ ఇల్లు కట్టినవాళ్లు ఈ హాల్లో సగం మంది ఉంటారు. జగిత్యాల అయినా, కడప అయినా, కోనసీమ అయినా సింహద్వారం మాత్రం టేకుదే కావాలి, అందులో రాజీ లేదు. ఏళ్ల తరబడి తాళం వేసి ఉన్న ఇల్లు, వానాకాలం జల్లు కొట్టే తలుపు. ఇనుప గొళ్లెం కింద నల్లటి చార దిగి ఉంటుంది, అది ఇప్పటిదాకా చెప్పిన ఇనుము మచ్చే. గడప దగ్గర మరకలు మాత్రం వేరే. పసుపు మరకకు సబ్బు పెడితే ఎర్రబడుతుంది, భయపడకండి, సబ్బులోని క్షారానికి పసుపు అట్లా మారుతుంది. పసుపుకు మందు ఎండ. కుంకుమ, నూనె జిడ్డుకు వైట్ స్పిరిట్. ఏడాదికోసారి సెలవు మీద పోయినప్పుడు అడుగు అంచు తడిమి చూడండి, గరుకుగా తగిలితే ఒక పూట పెట్టండి. ఊళ్లో ఈ పని పద్ధతిగా చేసేవాళ్లు తక్కువ, తలుపుకింతని తీసుకోవచ్చు కూడా. మాలో ఒక కార్పెంటరు అన్న వచ్చే ఏడాది తిరిగి పోయి ఇదే పని పెట్టుకుంటానంటున్నాడు, ఇప్పటికే ఇద్దరు చుట్టాల తలుపులు ఫోటోల్లో చూసి మాట ఇచ్చాడు.

భోజనాల తర్వాత వెనక షెడ్డు దగ్గర పాత టేకు పలక ఒకటి పెట్టాం. సగం మచ్చతో ఉంది, సగం తీసి ఉంది. గ్లౌజులు నాలుగు జతలు తెచ్చాం. మిగిలిన సగం మీ చేతులతో చేసి చూడాలనుకున్నవాళ్లు రండి. పిల్లల్ని మాత్రం దగ్గరికి రానివ్వకండి.